ప్రాజెక్టు డైరీ: విండోస్ అడ్డుకున్న ప్రోగ్రాములను కంప్యూటర్‌తో పాటే మొదలుపెట్టించడం

సోమవారం

విజయవాడలో మావయ్య నడుపుతున్న డీటీపీ సెంటర్‌కు కొత్త కంప్యూటర్లు వచ్చాయి. అన్నింటిలోనూ విండోస్ 11 ఉంది. ఫాంట్లు, ప్రింటర్లు, పాత జాబ్ ఫైళ్లు అన్నీ సర్దుకున్నాక మిగిలిన తలనొప్పి ఒక్కటే. పొద్దున కంప్యూటర్ వెయ్యగానే తమంతట తాము మొదలవ్వాల్సిన మూడు ప్రోగ్రాముల్లో ఒక్కటీ మొదలవడం లేదు. మొదటిది యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ ఒకే సంకేత పద్ధతి) రాకముందు నాటి తెలుగు ఫాంట్లతో పనిచేసే కీబోర్డ్ ప్రోగ్రాము. రెండోది ఆ రోజు జాబ్ ఫైళ్లను పక్క గదిలోని షేర్డ్ డ్రైవ్‌లోకి కాపీ చేసే బ్యాచ్ ఫైలు, అంటే కంప్యూటర్‌కు ఇచ్చే ఆదేశాలను వరుసగా రాసి ఉంచిన ఫైలు. మూడోది ముందురోజు ఇరుక్కుపోయిన ప్రింట్ జాబులను తుడిచేసి స్పూలర్‌ను (ప్రింట్ జాబుల వరుసను నడిపే విండోస్ సర్వీసును) తిరిగి మొదలుపెట్టే మరో బ్యాచ్ ఫైలు.

వీటిలో కీబోర్డ్ ప్రోగ్రాముదే పెద్ద బాధ. అది నడవకపోతే ఆపరేటర్ ఏ కీ నొక్కినా తెరమీద అర్థంలేని అక్షరాలే పడతాయి. కాబట్టి ప్రతి ఉదయం ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి, 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' ఎంచుకుని, తెర మసకబారినప్పుడు 'యస్' నొక్కాలి. ముహూర్తాల రోజుల్లో శుభలేఖల వాళ్లు కౌంటరు ముందు నిలబడి ఉండగా కరెంటు పోయి కంప్యూటర్ మళ్లీ వెయ్యాల్సి వస్తే ఈ తంతు అంతా మళ్లీ మొదటి నుంచి చెయ్యాలి. మావయ్య కోరిక చాలా చిన్నది: "ఒరేయ్, ఆ యస్ నొక్కే గోల లేకుండా చూడరా, అంతే చాలు."

ఈరోజు సరిచేయడానికి పూనుకోకుండా పరిశీలన మాత్రమే చేశాను. స్టార్టప్ ఫోల్డర్‌లో షార్ట్‌కట్ ఉంది. టాస్క్ మేనేజర్‌లోని స్టార్టప్ జాబితాలో దాని ఎదురుగా 'ఎనేబుల్డ్' అని కూడా ఉంది. అయినా ప్రోగ్రాము రాదు, ఎందుకు రాలేదో చెప్పే సందేశమూ రాదు. ఆ 'ఎనేబుల్డ్' అన్న మాటకు ఉన్న అర్థం ఆ షార్ట్‌కట్‌ను ఎవరూ ఆపలేదన్నంత వరకే; ప్రోగ్రాము నిజంగా మొదలైందో లేదో ఆ జాబితా చెప్పదు.

కారణం యూజర్ అకౌంట్ కంట్రోల్, అంటే యూఏసీ; ప్రోగ్రాముకు పూర్తి అధికారం ఇచ్చేముందు 'యస్' అనిపించుకునే విండోస్ ఏర్పాటు ఇది. విండోస్ ఎక్స్‌పీ కాలంలో అడ్మినిస్ట్రేటర్ ఖాతాతో లాగిన్ అయితే ప్రతి ప్రోగ్రాముకూ పూర్తి అధికారాలు వచ్చేవి. 2007లో మార్కెట్లోకి వచ్చిన విస్టా నుంచి ఆ పద్ధతి మారింది. అడ్మినిస్ట్రేటర్ లాగిన్ అయినప్పుడు విండోస్ రెండు టోకెన్లు, అంటే అధికార పత్రాల్లాంటివి, తయారుచేస్తుంది. ఒకదానికి పూర్తి అధికారాలుంటాయి, రెండోది వాటిని కత్తిరించిన టోకెన్. డెస్క్‌టాప్, టాస్క్‌బార్, స్టార్టప్ ఫోల్డర్‌లోని ప్రోగ్రాములు, రిజిస్ట్రీ (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు)లోని 'రన్' కీలో ఉన్నవి అన్నీ ఈ కత్తిరించిన టోకెన్‌తోనే మొదలవుతాయి. 'నాకు అడ్మినిస్ట్రేటర్ అధికారం తప్పనిసరి' అని తన మానిఫెస్ట్‌లో (తన అవసరాలను విండోస్‌కు చెప్పుకునే భాగంలో) రాసుకున్న ప్రోగ్రాము ఆ వరుసలో కనబడితే, మనిషి ఏమీ అడగకుండానే అనుమతి పెట్టె తెరవడం ఇష్టంలేక విండోస్ దాన్ని అక్కడే వదిలేస్తుంది. విస్టాలో కనీసం గడియారం పక్కన ఒక బుడగ వచ్చి, కొన్ని స్టార్టప్ ప్రోగ్రాములను అడ్డుకున్నామని చెప్పేది. ఈ యంత్రాల్లో ఆ మర్యాద కూడా లేదు.

పాత కంప్యూటర్లలో ఈ సమస్య ఎందుకు రాలేదో కూడా తేలింది. వాటిలో ఎవరో యూఏసీని పూర్తిగా ఆపేసి ఉంచారు. ఇంటర్నెట్‌లో వెతికితే ఇప్పటికీ మొదట దొరికే సలహా అదే. రోజంతా తెలియని వాళ్ల పెన్‌డ్రైవ్‌లు గుచ్చుకునే డీటీపీ సెంటర్‌లో, ఒక్క కీబోర్డ్ ప్రోగ్రాము కోసం ప్రతి ప్రోగ్రాముకూ పూర్తి తాళాల గుత్తి ఇచ్చేయడం నాకు సమ్మతం కాదు. ఆ దారిని మొదటే పక్కన పెట్టాను.

మంగళవారం

మావయ్య కంప్యూటర్‌తో మొదలుపెట్టాను. అక్కడ ఖాతా అడ్మినిస్ట్రేటర్‌దే కాబట్టి టాస్క్ షెడ్యూలర్ (చెప్పిన సందర్భంలో పనులను తనంతట తానే మొదలుపెట్టే విండోస్ పనిముట్టు) దారి సరిపోతుంది. టాస్క్‌ను సృష్టించేటప్పుడు ఒక్కసారి అనుమతి ఇస్తే, తర్వాత ప్రతి లాగిన్‌లోనూ విండోస్ మళ్లీ అడగకుండా పూర్తి టోకెన్‌తో ప్రోగ్రామును నడుపుతుంది.

మొదట చేసింది ప్రోగ్రాము ఉన్న చోటు మార్చడం. అది డీ డ్రైవ్‌లో 'సాఫ్ట్‌వేర్' అనే ఫోల్డర్‌లో ఉంది. మామూలుగా ఏర్పడే అనుమతుల ప్రకారం అలాంటి డ్రైవ్‌లోని ఫైళ్లను ఆ యంత్రంలో లాగిన్ అయిన ఎవరైనా మార్చగలరు. పూర్తి అధికారాలతో, అడగకుండా నడిచే ఫైలును ఎవరైనా మార్చగలిగే చోట ఉంచితే, ఆ ఫైలు స్థానంలో మరొకటి పెట్టినవాడికి మరుసటి లాగిన్‌లో యంత్రం మొత్తం చేతికి వచ్చినట్టే. అందుకని ఆ ఫోల్డర్‌ను ప్రోగ్రామ్ ఫైల్స్‌లోకి తరలించాను; అక్కడ రాయడానికి అడ్మినిస్ట్రేటర్ అనుమతి కావాలి.

తర్వాత టాస్క్ షెడ్యూలర్‌లో 'క్రియేట్ టాస్క్' తెరిచాను. దాని పైనే ఉండే 'క్రియేట్ బేసిక్ టాస్క్' తేలికగా కనిపిస్తుంది గానీ, మనకు కావలసిన అరలు అందులో ఉండవు. 'జనరల్' పేజీలో 'రన్ విత్ హయ్యస్ట్ ప్రివిలేజెస్' దగ్గర టిక్ పెట్టాలి, 'రన్ ఓన్లీ వెన్ యూజర్ ఈజ్ లాగ్డ్ ఆన్' అన్నదాన్ని అలాగే ఉంచాలి. దాని కిందనున్న 'లాగిన్ అయినా కాకున్నా నడుపు' అనే అర్థమిచ్చే ఎంపిక మరింత గట్టిదిగా అనిపించవచ్చు. కానీ దాన్ని ఎంచుకుంటే ప్రోగ్రాము మన డెస్క్‌టాప్ ఉన్న సెషన్‌లో కాకుండా, సర్వీసులు, అంటే తెరవెనక నడిచే విండోస్ పనులు, ఉండే సెషన్ 0లో నడుస్తుంది. విస్టా నుంచి ఆ సెషన్‌కు తెర లేదు. టాస్క్ మేనేజర్‌లో ప్రోగ్రాము పేరు కనిపిస్తుంది, గడియారం పక్కన ఐకాన్ మాత్రం రాదు.

'ట్రిగర్స్'లో 'ఎట్ లాగ్ ఆన్' ఎంచుకుని, 30 సెకన్ల ఆలస్యం పెట్టాను. టాస్క్‌బార్ పూర్తిగా సిద్ధం కాకముందే మొదలైతే కొన్ని పాత ప్రోగ్రాముల ఐకాన్ కనబడకుండా పోతుంది. 'యాక్షన్స్'లో ప్రోగ్రాము దారితో పాటు 'స్టార్ట్ ఇన్' అనే గడిని కూడా నింపాలి. ఈ కీబోర్డ్ ప్రోగ్రాము తన లేఅవుట్ ఫైళ్లను తానున్న ఫోల్డర్‌లోనే వెతుక్కుంటుంది. ఆ గడి ఖాళీగా ఉంటే సిస్టమ్ ఫోల్డర్‌లో వెతికి, దొరకక ఆగిపోతుంది. ఇక్కడొక చిత్రమైన తేడా ఉంది. పైనున్న ప్రోగ్రాము గడిలో ఖాళీలున్న దారికి కొటేషన్ గుర్తులు పెట్టవచ్చు, 'స్టార్ట్ ఇన్' గడిలో మాత్రం పెట్టకూడదు. పెడితే ఆ ఫోల్డర్ పేరు చెల్లదని టాస్క్ విఫలమవుతుంది.

రీస్టార్ట్ చేశాను. ఎవరినీ ఏమీ అడగకుండా ఐకాన్ వచ్చింది. షెడ్యూలర్‌లోని 'లాస్ట్ రన్ రిజల్ట్' వరుసలో 0ఎక్స్41301 అని ఉంది. చూడటానికి లోపంలా ఉన్నా, దాని అర్థం టాస్క్ ఇప్పుడు నడుస్తోందని మాత్రమే. మనకు కావలసిందీ అదే.

మంగళవారం, సాయంత్రం

పని అయిపోయిందనుకునేలోగా కరెంటు పోయింది. యూపీఎస్ అందుకోవడంతో కంప్యూటర్ ఆగలేదు, కానీ కీబోర్డ్ ప్రోగ్రాము మూతపడింది. టైపు చేస్తున్న గృహప్రవేశం కార్డులో ఇంటిపేరు సగం తెలుగులోనూ సగం గజిబిజిగానూ మిగిలింది.

కారణం 'కండిషన్స్' పేజీలో దొరికింది. కొత్త టాస్క్‌లో, గోడ కరెంటు ఉంటేనే మొదలుపెట్టాలి, బ్యాటరీకి మారితే ఆపేయాలి అనే రెండు టిక్కులు ముందే పెట్టి ఉంటాయి. ఇవి ల్యాప్‌టాప్‌ల కోసం ఉద్దేశించినవి. డెస్క్‌టాప్‌కు వీటితో సంబంధం ఏమిటనిపిస్తుంది. మావయ్య యూపీఎస్ యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కు కలిపి ఉంది. అలా కలిపిన యూపీఎస్‌ను విండోస్ బ్యాటరీగానే లెక్కిస్తుంది. గడియారం పక్కన బ్యాటరీ బొమ్మ కూడా వస్తుంది. కాబట్టి కరెంటు పోయిన క్షణంలో షెడ్యూలర్ దృష్టిలో ఆ డెస్క్‌టాప్ బ్యాటరీ మీద నడిచే యంత్రమైంది, టాస్క్‌ను ఆపేసింది. రెండు టిక్కులూ తీసేసి, యూపీఎస్ ప్లగ్గును గోడ నుంచి పీకి చూశాను. ప్రోగ్రాము కదలలేదు. కరెంటు కోతలున్న ఊళ్లలో ఈ దారి పట్టేవాళ్లు మిగతా పేజీలకన్నా ముందు ఈ పేజీని చూడటం మంచిది.

'సెట్టింగ్స్' పేజీలో 3 రోజులకు మించి నడిస్తే ఆపేయమనే మరో టిక్కు కూడా ముందే ఉంటుంది. ఎన్నికల కరపత్రాల సమయంలో ఈ కంప్యూటర్లు రోజుల తరబడి ఆగవు. దాన్నీ తీసేశాను.

బుధవారం

మావయ్య దగ్గర కూర్చునే ఆపరేటర్ ఒక మాట చెప్పింది: "పీడీఎఫ్ అవుతున్నప్పుడు అక్షరాలు వెనకబడుతున్నాయండి. టైపు చేశాక కాసేపటికి పడుతున్నాయి." చేత్తో మొదలుపెట్టినప్పుడు ఈ ఇబ్బంది లేదు.

షెడ్యూలర్ మొదలుపెట్టే ప్రోగ్రాములకు మామూలు కన్నా తక్కువ ప్రాధాన్యం ఇస్తుంది. టాస్క్ వివరాల్లో ప్రయారిటీ విలువ 7గా ఉంటుంది, అంటే 'బిలో నార్మల్'. వెనక ఎక్కడో నడిచే పనులకు అది సరైనదే. కానీ కీబోర్డ్ ప్రోగ్రాము ప్రతి కీనీ మధ్యలో పట్టుకుని, మార్చి, ముందుకు పంపుతుంది. ప్రాసెసర్ వేరే పనిలో మునిగి ఉంటే దాని వంతు ఆలస్యంగా వస్తుంది, ప్రతి అక్షరమూ ఆ వంతు కోసం ఆగుతుంది. ఈ విలువను మార్చే గడి షెడ్యూలర్ తెరలో ఎక్కడా లేదు. టాస్క్‌ను ఎక్స్‌ఎమ్ఎల్ ఫైలుగా ఎగుమతి చేసి, నోట్‌ప్యాడ్‌లో 7ను 5గా మార్చి, పాత టాస్క్‌ను తొలగించి, ఈ ఫైలును దిగుమతి చేసుకోవాలి. 4 నుంచి 6 వరకు ఏదైనా 'నార్మల్' కిందికే వస్తుంది. ఆ తర్వాత పీడీఎఫ్ తయారవుతుండగానే ఆమె ఒక పేరా టైపు చేసి చూసింది. అక్షరాలు వేళ్ల వెంటే వచ్చాయి.

గురువారం

ఆపరేటర్ల కంప్యూటర్ల వంతు. వీటిలో ఖాతాలు స్టాండర్డ్ యూజర్‌వి, అంటే అడ్మినిస్ట్రేటర్ అధికారాలు లేనివి; అవి అలాగే ఉండాలన్నది నా అభిప్రాయం. ఇక్కడ మంగళవారం చేసిన పద్ధతి పనికిరాదు. 'హయ్యస్ట్ ప్రివిలేజెస్' అంటే ఆ ఖాతాకు దక్కగలిగిన గరిష్ఠ అధికారం మాత్రమే. స్టాండర్డ్ ఖాతాకు పూర్తి టోకెన్ అనేదే లేదు కాబట్టి ఆ టిక్కుతో కొత్తగా వచ్చేదేమీ ఉండదు. టాస్క్‌ను అడ్మినిస్ట్రేటర్ పేరుతో నడిపిస్తే అది ఆపరేటర్ తెరమీద కనిపించదు.

అందువల్ల అసలు ప్రశ్నకు రావలసి వచ్చింది: అక్షరాలు మార్చే ఒక ప్రోగ్రాముకు అడ్మినిస్ట్రేటర్ అధికారం దేనికి? దీన్ని తేల్చడానికి తేలికైన పరీక్ష ఒకటి ఉంది. విండోస్‌లో 'కంపాట్ లేయర్' అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (మొదలయ్యే ప్రోగ్రాములకు అందే పేరున్న విలువ) ఉంది. దాని పేరుకు ముందు రెండు అండర్‌స్కోర్లు, రెండు పదాల మధ్య ఒకటి ఉంటాయి. దానికి 'రన్‌యాజ్‌ఇన్‌వోకర్' అనే విలువ ఇచ్చి, అదే బ్యాచ్ ఫైలు నుంచి ప్రోగ్రామును మొదలుపెడితే, మానిఫెస్ట్‌లో ఏం రాసి ఉన్నా విండోస్ దాన్ని పిలిచినవారి అధికారంతోనే నడుపుతుంది. ఇది అదనపు అధికారాన్ని ఇవ్వదు. అధికారం కావాలన్న డిమాండ్‌ను మాత్రం పక్కన పెడుతుంది. యూఏసీని మొత్తంగా ఆపేసే సలహాకన్నా ఇది చాలా నిరపాయకరం, అయినా ఎక్కడా పెద్దగా వినబడదు.

అలా నడిపితే ప్రోగ్రాము తెరుచుకుంది, నోట్‌ప్యాడ్‌లో కీలూ సరిగానే పనిచేశాయి. రెండు లోపాలు మాత్రం మిగిలాయి. ఆపరేటర్ ఎంచుకున్న కీబోర్డ్ లేఅవుట్ మళ్లీ తెరిచేసరికి గుర్తుండటం లేదు. పేజీలు పెట్టే పాత సాఫ్ట్‌వేర్‌లో అసలు కీలు మారడమే లేదు.

మొదటి లోపం కోసం మైక్రోసాఫ్ట్ వాళ్ల సిస్‌ఇంటర్నల్స్ పనిముట్లలోని ప్రాసెస్ మానిటర్‌ను (ఏ ప్రోగ్రాము ఏ ఫైలును తాకుతోందో చూపేది) తెరిచి, ఈ ఒక్క ప్రోగ్రాము పేరుతో, 'యాక్సెస్ డినైడ్' అన్న ఫలితంతో వడపోశాను. వేల వరుసలు పోయి ఒకే ఫైలు మిగిలింది. ప్రోగ్రామ్ ఫైల్స్‌లోని తన ఫోల్డర్‌లో ఉన్న సెట్టింగుల ఫైలులోకి, చివరగా వాడిన లేఅవుట్ పేరును రాసుకోబోయి భంగపడుతోంది. దాని అడ్మినిస్ట్రేటర్ పట్టుదల అంతా ఈ ఒక్క పంక్తి కోసమే. ఆ ఒక్క ఫైలు 'సెక్యూరిటీ' పేజీలో యూజర్స్ గుంపుకు రాసే అనుమతి ఇచ్చాను. ఫోల్డర్‌కు గానీ ప్రోగ్రాము ఫైలుకు గానీ ఇవ్వలేదు. లేఅవుట్ గుర్తుండసాగింది.

రెండో లోపం ఇంకా ఆసక్తికరమైనది. పేజీల సాఫ్ట్‌వేర్ షార్ట్‌కట్‌లో, 'కంపాటిబిలిటీ' పేజీలో, ఎప్పటి అలవాటుగానో 'రన్ దిస్ ప్రోగ్రామ్ యాజ్ యాన్ అడ్మినిస్ట్రేటర్' టిక్ పెట్టి ఉంది. అంటే ఆపరేటర్లు పొద్దున్నే అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ కొట్టి దాన్ని తెరుస్తున్నారు. పాస్‌వర్డ్ మానిటర్‌కు అంటించిన చీటీ మీద ఉంది. పై అంతస్తు అధికారంతో నడిచే కిటికీలోకి కింది అంతస్తు ప్రోగ్రాము కీలను పంపడాన్నీ, అక్కడి కీలను మధ్యలో పట్టుకోవడాన్నీ విండోస్ అనుమతించదు. లేకపోతే ఏ చిన్న ప్రోగ్రామైనా అడ్మినిస్ట్రేటర్ కిటికీలో కీలు నొక్కినట్టు నటించి తన పని తాను చేసుకోగలిగేది. పేజీల సాఫ్ట్‌వేర్ పైన ఉంది కాబట్టే కీబోర్డ్ ప్రోగ్రామునూ పైకి ఎక్కించాల్సి వచ్చింది. ఒకదాని అధికారం మరొకదానికి అంటుకుంది.

టిక్ తీసేశాను. పేజీల సాఫ్ట్‌వేర్ కూడా తన డిఫాల్ట్స్ ఫైలును రాసుకోలేక ఒకసారి మొండికేసింది. దానికీ అదే వైద్యం సరిపోయింది. ఇప్పుడు రెండూ ఒకే అంతస్తులో ఉన్నాయి, తెలుగు పడుతోంది. కీబోర్డ్ ప్రోగ్రామును ఆ వేరియబుల్‌తో మొదలుపెట్టే బ్యాచ్ ఫైలు షార్ట్‌కట్‌ను స్టార్టప్ ఫోల్డర్‌లో పెట్టి, నల్ల కిటికీ అడ్డుపడకుండా 'మినిమైజ్డ్' అని ఎంచుకున్నాను. అధికారం అడగని ప్రోగ్రామును అడ్డుకోవడానికి విండోస్‌కు ఇక కారణం లేదు. రీస్టార్ట్ చేసిన ప్రతి యంత్రంలోనూ ఐకాన్ తనంతట తానే వచ్చింది. మానిటర్ మీది చీటీని చింపి, పాస్‌వర్డ్ మార్చి, కొత్తది మావయ్యకు మాత్రమే చెప్పాను.

శనివారం

మిగిలినవి రెండు బ్యాచ్ ఫైళ్లు.

కాపీ చేసే ఫైలు సంగతి త్వరగానే తేలింది. దాన్ని ఎవరో మెయిల్‌లో పంపగా డౌన్‌లోడ్ చేసుకున్నారు. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైలుకు విండోస్ కనబడని ఒక గుర్తు తగిలిస్తుంది. స్టార్టప్‌లో దాన్ని తెరవబోయినప్పుడు భద్రతా హెచ్చరిక పెట్టె వస్తుంది, అది మిగతా కిటికీల వెనక దాక్కుని ఎవరూ నొక్కకుండా ఉండిపోతుంది. ఫైలు ప్రాపర్టీస్‌లో అడుగున ఉండే 'అన్‌బ్లాక్' దగ్గర టిక్ పెడితే ఆ గుర్తు పోతుంది. ముందుగా ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి, ప్రతి పంక్తీ చదివాకే ఆ పని చేశాను. బ్యాచ్ ఫైలు విషయంలో ఆ సౌలభ్యం మనకుంది.

దీన్ని టాస్క్ షెడ్యూలర్‌లో హయ్యస్ట్ ప్రివిలేజెస్‌తో పెట్టేద్దామని మావయ్య అన్నాడు, కీబోర్డ్‌కు అది పనిచేసింది కదా అని. పెడితే జెడ్ డ్రైవ్, అంటే పక్క గదిలోని ఆ షేర్డ్ డ్రైవ్, దొరకదు. కత్తిరించిన టోకెన్‌తో కలుపుకున్న నెట్‌వర్క్ డ్రైవ్ అక్షరం పూర్తి టోకెన్ వైపు కనిపించదు, ఎందుకంటే విండోస్ దృష్టిలో అవి రెండూ వేర్వేరు లాగిన్‌లు. కాపీ చేయడానికి ఎక్కువ అధికారం అక్కర్లేదు కాబట్టి అది మామూలుగా స్టార్టప్ ఫోల్డర్‌లోనే ఉంటుంది.

స్పూలర్ బ్యాచ్ ఫైలుది అందుకు విరుద్ధమైన పరిస్థితి. సర్వీసును ఆపి, సిస్టమ్ ఫోల్డర్ లోపలి ఫైళ్లను తుడిచి, మళ్లీ మొదలుపెట్టడానికి అడ్మినిస్ట్రేటర్ అధికారం నిజంగానే కావాలి. అయితే దానికి తెర అవసరం లేదు. అందుకని విండోస్ తన సొంత పనులకు వాడుకునే సిస్టమ్ ఖాతా పేరుతో టాస్క్ పెట్టాను. సెషన్ 0లో నడిచినా ఇబ్బంది లేదు, ఏ ఖాతాతో లాగిన్ అయినా నడుస్తుంది. ట్రిగర్ మాత్రం 'ఎట్ స్టార్టప్' కాకుండా 'ఎట్ లాగ్ ఆన్' పెట్టాను. ఫాస్ట్ స్టార్టప్ ఉన్న యంత్రంలో షట్ డౌన్ అంటే పూర్తి షట్ డౌన్ కాదు. లాగాఫ్ చేశాక కెర్నెల్‌ను, అంటే విండోస్ కేంద్ర భాగాన్ని, డిస్కులో దాచిపెట్టి, మర్నాడు అక్కడి నుంచే లేపుతుంది కాబట్టి దాన్ని కొత్త బూట్‌గా నమ్ముకోవడానికి వీల్లేదు. లాగిన్ మాత్రం ప్రతి ఉదయమూ జరిగి తీరుతుంది. బ్యాచ్ ఫైలు ఉన్న ఫోల్డర్‌కు ఆపరేటర్ల రాత అనుమతి తీసేశాను. సిస్టమ్ ఖాతాతో నడిచే ఫైలు విషయంలో మంగళవారం జాగ్రత్త మరింత అవసరం.

మావయ్య కంప్యూటర్‌లోని కీబోర్డ్ టాస్క్‌ను కూడా తీసేద్దామనుకున్నాను గానీ, అక్కడ స్టిక్కర్లు కోసే యంత్రానికి సంబంధించిన సాఫ్ట్‌వేర్ ఉంది. యంత్రం పోర్టుతో నేరుగా మాట్లాడటానికి అది అడ్మినిస్ట్రేటర్‌గానే నడవాలి, గురువారం నాటి రన్‌యాజ్‌ఇన్‌వోకర్ పద్ధతిలో యంత్రాన్నే గుర్తించలేదు. బండ్ల మీద అంటించే పేర్లను మావయ్య నేరుగా అందులోనే తెలుగులో టైపు చేస్తాడు. కాబట్టి ఆ ఒక్క యంత్రంలో కీబోర్డ్ ప్రోగ్రాము పై అంతస్తులోనే, షెడ్యూలర్ టాస్క్‌తోనే కొనసాగుతుంది.

దానివల్ల ఆయనకు మిగిలిన అసౌకర్యం ఒకటుంది. ఫోల్డర్‌లోని బొమ్మను మౌస్‌తో లాగి ఆ సాఫ్ట్‌వేర్‌లో వదిలితే పడదు, కీలకు వర్తించిన గోడే దీనికీ వర్తిస్తుంది. ఫైల్ మెనూలోని 'ఇంపోర్ట్' నుంచి తెచ్చుకోమని చూపించాను.

వచ్చే వారం కీబోర్డ్ ప్రోగ్రాము కొత్త వెర్షన్ వేయాలి. ఇన్‌స్టాలర్ తన షార్ట్‌కట్‌ను మళ్లీ స్టార్టప్‌లో పెట్టుకుంటే తీసేయాలి, సెట్టింగుల ఫైలును కొత్తగా సృష్టిస్తే దాని అనుమతి మళ్లీ ఇవ్వాలి. ఈ రెండింటినీ కాగితం మీద రాసి కౌంటరు సొరుగులో పెట్టాను.